కిందికి దిగని బల్ల

మా కాలేజీలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్తుంది. ఆయన పాతది వైస్ ప్రిన్సిపాల్ గారికి, వైస్ గారి పాతది హెడ్ క్లర్కుకి, హెడ్ క్లర్కుది వాచ్‌మన్‌కి. వాచ్‌మన్ వాడి వాడి ఇక దీనితో లాభం లేదనుకున్నది నాకు. నేనెవరంటే ఈ కాలేజీ లైబ్రేరియన్ని. రీడింగ్ రూము కూడా నా పెత్తనమే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. సూర్యుడు తూర్పున పొడవాలా వద్దా అన్నదాని మీదైనా మావాళ్ళు కమిటీ వేస్తారేమో గానీ దీని మీద మాత్రం వెయ్యరు.

నా గదిలో ఒక గోడ గడియారం ఉంది. నా దాకా దిగేసరికి దానికి పెద్ద ముల్లు ఒక్కటే మిగిలింది. ఎన్ని నిమిషాలైందో చెబుతుంది, ఏ గంట మీదో చెప్పదు. ఒక ఫ్యాను కూడా ఉంది. దానికి గాలి రాదు, చప్పుడొస్తుంది. పిల్లలు ఆ చప్పుడు విని చల్లగా ఉందనుకోవాలి. ఇదేం పద్ధతండీ అని అడిగితే "పెద్దల తరవాతే కదమ్మా పిల్లలు" అంటారు. మర్యాదట! ఆ మర్యాద మండిపోను.

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువేం కాదు, ఉండాల్సినంతే ఉంది. మిగతావాళ్ళకి తక్కువైంది కాబట్టి నాది ఎక్కువగా కనిపిస్తోంది.

మా అన్నయ్య కూతురు మా ఇంట్లోనే ఉండి ఇదే కాలేజీలో లెక్కలు చదువుతోంది, ఆఖరి సంవత్సరం. చిన్నప్పుడే దాని కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. తిరగడమంటే మామూలు తిరగడం కాదు, అది వరండాలో వస్తోందంటే లెక్చరర్లు గోడకి అతుక్కుంటారు. అందుకే అందరూ దాన్ని తూటా అంటారు. నోరు కూడా అలాంటిదే. "మేనత్త పోలిక, ఎక్కడికి పోతుంది?" అంటారు మా ఆయన.

అంత తూటా కూడా నా రీడింగ్ రూములోకి వచ్చేసరికి చల్లబడిపోయేది. మా బల్లలకి పై పలక కింద అడ్డంగా ఒక చెక్క కొట్టి ఉంటుంది. చక్రాల కుర్చీ దాని కిందికి పోదు, మోకాళ్ళు కొట్టుకుంటాయి. అందుకని అది బల్ల పక్కన కుర్చీ ఆపుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, మెడ వంచి చదివేది. రాయాల్సి వస్తే నడుము మెలితిప్పి ఒక చెయ్యి బల్ల మీదికి చాపేది. సాయంత్రానికి మెడ పట్టేసి, వేళ్ళు తిమ్మిరెక్కేవి. "అత్తా, నా తలకాయ కాస్త ముందుకి తిప్పి పెట్టు" అని నవ్వుతూ అనేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఇంట్లో అన్నం తినే బల్లకీ అదే రోగం. వెతగ్గా వెతగ్గా దానికి సరిపోయింది మా ఇస్త్రీ బల్ల. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, కింద అంతా ఖాళీ. దాని మీద పుస్తకాలు పరిచిందంటే ఇక మా ఆయన చొక్కాల గతి అధోగతే.

"తల్లీ, ఒక్క చొక్కా ఇస్త్రీ చేసుకుంటానే."

"ఈ ఒక్క చాప్టరూ అవనివ్వు మావయ్యా."

ఆ చాప్టరు ఏనాడూ అవలేదు. ఆయన మడతల చొక్కాతో ఆఫీసుకి పోతే "ఇంట్లో అంతా బాగానే ఉందా అండీ?" అని జాలిగా అడిగేవారట. తీరా చూస్తే ఆ ఇస్త్రీ బల్లకి కూడా వెడల్పు లేదు. లెక్క దాని మీద పట్టేది, జవాబు కింద పడేది. గట్టిగా గీత గీస్తే ఊగేది. పరీక్షలా నెత్తి మీదికి వస్తున్నాయి.

అలాంటప్పుడు వచ్చిందండీ ఒకావిడ, చదువుకునే గదులకి బల్లలూ కుర్చీలూ తయారుచేసే కంపెనీ నుంచి. మెడలో టేపు వేసుకుని, కనపడిన పిల్లనల్లా నిలబెట్టి, కూర్చోబెట్టి కొలిచింది. నేల నుంచి మోకాలెంత, మోచెయ్యెంత, కంటికీ పుస్తకానికీ మధ్య దూరమెంత. పిల్లలు ఆవిడకి కొలతలావిడ అని పేరు పెట్టేశారు.

"బల్ల మనిషికి సరిపోవాలండీ" అంది నాతో. "మనిషే బల్లకి సరిపోవాలని కూర్చుంటే ముందు మెడ పోతుంది, తరవాత నడుము పోతుంది, ఆఖరికి చదువు పోతుంది."

ఇన్నేళ్ళకి ఈ కాలేజీలో ఒక మనిషి నోటి నుంచి మంచి మాట విన్నాను. నేను ఆగలేక ఇస్త్రీ బల్ల సంగతి చెప్పేశాను. ఆవిడ పగలబడి నవ్వి, తూటా కుర్చీని ముందూ వెనకా కొలిచి, "నీ బల్ల నేను చేయించి పంపిస్తానమ్మా, మోకాళ్ళు హాయిగా కిందికి పోతాయి" అంది. ఆ రోజు తూటా వరండాలో వెళ్తుంటే వైస్ గారు గోడకి కాదు, ఏకంగా తలుపుకి అతుక్కున్నారు.

వెళ్ళేముందు ఆవిడ ప్రిన్సిపాల్ గారితో, నా ఎదురుగానే, ఒక మాట చెప్పింది. ముందు ఒక్క సెట్టే పంపిస్తారు. నెల పోయాక తనే వచ్చి చూస్తుంది. రీడింగ్ రూములో పిల్లలు దాన్ని వాడుతూ కనిపిస్తే గది మొత్తానికీ ఉచితంగా ఇస్తారు. కనపడకపోతే ఆ సెట్టు కూడా తీసుకెళ్ళి, అడుగుతున్న ఇంకో కాలేజీకి ఇచ్చేస్తారు. ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. ఆయన తల ఊపారంటే వినలేదని అర్థం.

సామాను వచ్చిన రోజు నాకు పన్ను నొప్పి. మళ్ళీ మరో రోజు దొరకనట్టు సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. నా నోరు అక్కడ కాక ఇక్కడ తెరుచుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. మర్నాడు వచ్చి చూద్దును కదా, అంతా అయిపోయింది. ఎవరూ చెప్పకుండానే, ఎవరూ అడక్కుండానే, ఎప్పటిలాగే వస్తువులన్నీ ఒక్కో మెట్టు దిగిపోయాయి.

తూటా కోసం చేసిన బల్ల ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంది. ఆయన పొట్టి మనిషి. పక్కనున్న పిడి తిప్పితే బల్ల లేస్తుందని తెలియగానే, పెద్దవాళ్ళ బల్ల పెద్ద ఎత్తులో ఉండాలని ఆఖరి దాకా తిప్పేశారట. ఇప్పుడు ఆయన దాని వెనక కూర్చుంటే కళ్ళద్దాలూ, వాటి పైన బట్టతలా తప్ప ఇంకేం కనిపించవు. సంతకం పెట్టాలంటే రెండు చేతులూ పైకెత్తాలి. పుస్తకం వాలుగా నిలబెట్టుకునే స్టాండు మీద తల దువ్వుకునే అద్దం పెట్టారు. కాళ్ళు ఆనించుకునే పీట బల్ల మీదికెక్కింది, దాని మీద ఆయన పేరు పలక. ఎటు కావాలంటే అటు మెడ వంచే దీపాన్ని వచ్చినవాళ్ళ మొహం మీదికి వంచారు. సెట్టులో ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి ఆయనకి, రెండోది ఎదురుగా. ఎదురుది పెద్దవాళ్ళెవరైనా వస్తే కూర్చోవడానికట. కాబట్టి అందులో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు.

ప్రిన్సిపాల్ గారి పాత బల్ల వైస్ గారికి దిగింది. అది బల్ల కాదు, పెళ్ళి పందిరి. ద్వారంలో పట్టకపోతే చెక్క చట్రం ఊడదీసి, బల్లని లోపలికి తోసి, మళ్ళీ చట్రం బిగించి సున్నం కొట్టేశారు. గదంతా బల్లే. వైస్ గారు తన కుర్చీ చేరాలంటే బల్ల కింద నుంచి పాక్కుంటూ పోవాలి. ఆయనా భారీ మనిషి, పాకుతుంటే బల్ల కూడా కాస్త కదిలేది. అయినా మొహంలో ఆ వెలుగు చూడాలి! హెడ్ క్లర్కుకి వైస్ గారి బల్ల, తాళం సొరుగుతో సహా. వాచ్‌మన్‌కి హెడ్ క్లర్కు బల్ల, దాని మీద అద్దం పలక. గేటు దగ్గర ఎండలో పెట్టుకుని తన మీసం తనే చూసుకుంటున్నాడు.

మరి రీడింగ్ రూముకో? వాచ్‌మన్ పాత బల్ల. మూడు కాళ్ళు సరైనవి, నాలుగో కాలి కింద ఇటుక. దీనికి చోటు కోసం నా మంచి బల్లల్లో ఒకటి పగలగొట్టించారు కూడా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

ఇవన్నీ నేను చూసి ఊపిరి తీసుకునేలోపే తూటా వచ్చేసింది. కుర్చీ చక్రాలు తుడుచుకుని మరీ వచ్చింది. గుమ్మంలో ఆగి, గదంతా చూసి, ఇటుక దగ్గర చూపు ఆపింది.

"నా బల్ల ఏది అత్తా?"

నాకు నోట మాట రాలేదు. నాకు! ప్రిన్సిపాల్ గది వైపు చెయ్యి చూపించాను. అది కుర్చీ తిప్పుకుని నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఆ నెమ్మది చూడలేకపోయాను.

సాయంత్రం ఇంట్లో ఇస్త్రీ బల్ల ముందు కూర్చుని చెప్పింది, "రేపట్నించి కాలేజీకి రాను అత్తా. పరీక్షలు ప్రైవేటుగా కడతా."

"ఒసే, పిచ్చి పట్టిందా? నీ స్నేహితులు, నీ మాస్టార్లు..."

"మెడ నాది అత్తా. పట్టేసేది నాకు. ఎవరినీ బతిమాలను, నువ్వు కూడా బతిమాలద్దు."

మా ఆయన చేతిలో చొక్కా పట్టుకుని నిలబడి ఉన్నారు. "పోనీ ఈ ఇస్త్రీ బల్ల దానికి రాసిచ్చేద్దాం" అన్నారు. నేను చూసిన చూపుకి చొక్కా అలాగే తొడుక్కుని బయటికి పోయారు.

"కొలతలావిడ వచ్చేదాకా ఆగవే" అన్నాను. "అప్పటికీ నీ బల్ల నీకు రాకపోతే నీ ఇష్టం. నేనొక్క మాట అంటే ఒట్టు."

"నువ్వు ఒక్క మాట అనకుండా ఉండటం కూడానా?" అంది గానీ ఒప్పుకుంది.

బతిమాలద్దంది కాబట్టి నేను బతిమాలలేదు. పోట్లాడాను. ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళి దీపం నా మొహం మీద పడుతుండగా, "బల్ల మా గదికి పంపించండి సార్, అది పిల్లది" అన్నాను.

బల్ల వెనక నుంచి గొంతు వినిపించింది. "ఇవ్వనన్నానా మేడం? నా పాత బల్ల నాకు రానివ్వండి, ఇది ఇప్పుడే తీసుకెళ్ళండి. బల్ల లేని ప్రిన్సిపాల్‌ని ఎవరైనా చూస్తే బావుంటుందా?"

వైస్ గారి గదికి పోయాను. ఆయన బల్ల కింద ఉన్నారు, లోపలికి పోతున్నారో బయటికి వస్తున్నారో తెలియలేదు. అక్కడి నుంచే మాట్లాడారు. "ఎలా ఇస్తానమ్మా? ద్వారం ఊడదీస్తే మళ్ళీ సున్నం. పైగా ప్రిన్సిపాల్ గారి బల్ల నాకొచ్చిందని మా మావగారికి కూడా చెప్పేశాను. ఇప్పుడు వెనక్కి ఇచ్చేశానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ప్రస్తుతానికి బల్ల కింద పెట్టుకున్నారుగా అందామనుకున్నాను. అనేశాను కూడా. ఆయనకి కోపమొచ్చి లేవబోయారు, ఠంగుమని చప్పుడైంది.

హెడ్ క్లర్కు సొరుగు తాళం పోయిందని, అది దొరికేదాకా బల్ల కదపడానికి లేదని చెప్పాడు. తాళంచెవి అతని జేబులోనే గలగలమంటోంది. వాచ్‌మన్ ఒక్కడే నిజం చెప్పాడు. "అమ్మగారూ, ఈ కాలేజీలో ఒకసారి పైకెక్కినోడు కిందికి దిగడం నేను చూళ్ళేదు. ముందు నేనే దిగాలంటే ఎలా?" ఇంకేం చెయ్యను? వెనక్కి వచ్చి ఇటుక సర్దుకుని కూర్చున్నాను.

రోజులు గడిచిపోయాయి. కొలతలావిడ రేపు వస్తుందనగా ప్రిన్సిపాల్ గారి దగ్గర నుంచి కబురొచ్చింది, తూటాని తన గదికి పంపమని. నా ప్రాణం లేచొచ్చింది. మనసు మారిందనుకున్నాను. తూటాని తీసుకుని పరుగున వెళ్ళాను.

బల్ల కిందికి దించి ఉంది. అద్దం లేదు, పేరు పలక లేదు. హెడ్ క్లర్కు ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"రామ్మా, కూర్చో, కూర్చునే ఉన్నావులే" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "బల్ల దగ్గరికి రా."

తూటా కుర్చీని ముందుకి నడిపింది. మోకాళ్ళు ఎక్కడా తగలకుండా బల్ల కిందికి వెళ్ళిపోయాయి. అది రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, మెడ నిటారుగా పెట్టి నా వైపు చూసింది. దాన్ని అలా కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. ఎంత బావుందో నా తూటా!

"నవ్వమ్మా" అన్నాడు హెడ్ క్లర్కు. క్లిక్కుమంది. "అయిపోయింది. ఇక వెళ్ళొచ్చు."

నాకు అర్థం కాలేదు. ప్రిన్సిపాల్ గారు సంతోషంగా వివరించారు. "రేపు ఆవిడొస్తే ఫొటో చూపిద్దాం. బల్ల రిపేరుకి పోయిందని చెబుదాం. ఎవరికీ ఇబ్బంది లేదు."

ఎవరికీ ఇబ్బంది లేదట. తూటా వెనక్కి జరిగింది. దాని మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టుంది. వరండాలోకి వచ్చాక అంది, "సరిగ్గా సరిపోయింది అత్తా. అది తెలియకుండా ఉంటేనే బావుండేది." నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నా దగ్గరున్న కోపం కోపమే కాదు, అది పొయ్యి రాజేసుకోవడం మాత్రమే.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారూ, వైస్ గారూ, హెడ్ క్లర్కూ పూలగుత్తి పట్టుకుని పెద్ద గేటు దగ్గర కొలతలావిడ కోసం నిలబడ్డారు. వాచ్‌మన్ అద్దం పలకలో మీసం సరిచేసుకుని వాళ్ళ వెనక నిలబడ్డాడు. నేను రీడింగ్ రూములో చదువుకుంటున్న పిల్లల్ని లేపాను.

"పుస్తకాలు తీసుకుని నా వెనక రండి. బల్ల మన గదికి రాదుట. మన గదే బల్ల దగ్గరికి పోతోంది."

మా గది తలుపుకి 'రీడింగ్ రూము. మాట్లాడరాదు' అన్న చెక్క పలక మేకుకి వేలాడుతుంటుంది. దాన్ని తీసి ప్రిన్సిపాల్ గారి తలుపుకి తగిలించాను. ఆయన పేరు పలకని తెచ్చి మా తలుపుకి తగిలించాను. దొంగతనం కాదు, బదిలీ. పిల్లలు సోఫాలో కొందరు, కిటికీ గట్టు మీద కొందరు, తివాచీ మీద కొందరు సర్దుకున్నారు. అద్దం బీరువా మీదికి పోయింది, కాళ్ళ పీట నేల మీదికి దిగింది, దీపం సిగ్గుపడి పుస్తకం వైపు తల వంచుకుంది.

తూటా మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. "వద్దు అత్తా. తిడతారు. నీ ఉద్యోగం..."

"నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా. నీ మెడ సంగతి నువ్వు చూసుకో. పద లోపలికి!"

వెళ్ళింది. పిడి తనే తిప్పుకుని, మోచేతులకి సరిగ్గా వచ్చేదాకా బల్లని దించుకుంది. పుస్తకం స్టాండు మీద పెట్టి పెన్ను తీసింది. ఇక లోకంతో పని లేదు.

కొలతలావిడ పెద్ద గేటు నుంచి రాలేదు. సామాను దించిన పక్క గేటే ఆవిడకి తెలుసు. అటు నుంచి వచ్చి, వరండాలో పలకలు చదువుకుంటూ, సరాసరి లోపలికి వచ్చేసింది. "గది మారిందే?" అంది గుసగుసగా.

"మా సార్‌ది పెద్ద మనసండీ" అన్నాను. అబద్ధం కాదు. ఇంకా జరగని నిజం.

ఆవిడ నేరుగా తూటా దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని బల్ల కిందికి చూసింది. మోకాలికీ పలకకీ మధ్య చెయ్యి దూర్చి, "నాలుగు వేళ్ళు పడుతున్నాయి, చాలు" అంది. "మెడ నొప్పి తగ్గిందామ్మా?"

తూటా తల ఎత్తకుండా తలుపు మీది పలక వైపు పెన్ను చూపించింది. మాట్లాడరాదు.

సరిగ్గా అప్పుడే, కబురు తెలిసి, ప్రిన్సిపాల్ గారు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చిపడ్డారు. వెనక వైస్ గారు, ఆయన వెనక పూలగుత్తి. లోపల ముప్పాతిక వంతు క్లాసు ఆయన సోఫాలో కూర్చుని చదువుతోంది. నోరు తెరిచారు. ఆ తెరిచిన నోట్లోంచి మాట వచ్చేలోపే కొలతలావిడ రెండు చేతులూ జోడించింది.

"సొంత గది పిల్లలకి ఇచ్చేసిన ప్రిన్సిపాల్‌ని నేనెక్కడా చూడలేదు సార్!"

పాపం, కక్కలేరు, మింగలేరు. మొహం ఎర్రబడింది, తెల్లబడింది, చివరికి ఏ రంగూ కుదరక మామూలైంది. "అబ్బే... పిల్లల కంటేనా..." అన్నారు.

"మరి మీరెక్కడ కూర్చుంటున్నారు సార్?"

నేను ఎంతో వినయంగా దారి చూపించాను. ఆయన తన పేరున్న తలుపు తోసుకుని, నా రీడింగ్ రూములోకి వెళ్ళి, వాచ్‌మన్ పాత బల్ల ముందు కూర్చున్నారు. మోచెయ్యి ఆనించగానే ఇటుక జారి, బల్ల ఆయన ఒళ్ళోకి ఒరిగింది. ఫ్యాను చప్పుడు చేసింది. కొలతలావిడ కళ్ళు చెమర్చాయి. "ఇంత నిరాడంబరంగానా!" అంది. వైస్ గారు మాత్రం నిజంగా హడలిపోయి ఆయన చెవిలో అడిగారు, "సార్, మీరే ఇక్కడికి దిగితే నేనెక్కడికి దిగాలి?"

గది మొత్తానికీ సరిపడా సామాను వారంలో పంపిస్తానని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. పక్క గేటు చప్పుడయ్యేదాకా ప్రిన్సిపాల్ గారు నవ్వుతూనే ఉన్నారు. తరవాత లేచారు. నా వైపు చూడనైనా చూడకుండా వరండాలో విసవిసా నడిచారు. నేను వెనకే పరిగెత్తాను. ఆవిడ సామాను పంపిస్తుంది సరే, పంపినది మళ్ళీ పై నుంచే కదా దిగేది? ఇప్పుడు ఈ గది ఆయన లాక్కున్నారంటే తూటా ఇక ఈ గుమ్మం తొక్కదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఆయన్ని చూడగానే పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఒక్కొక్కళ్ళే గోడ వెంబడి జారుకున్నారు. గది ఖాళీ అయింది. తూటా ఒక్కతే తల వంచుకుని రాసుకుంటోంది. ఆయన దాని ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

"లేమ్మా, లే! నా గది నాకు కావాలి."

ఎవరికైనా అలాగే చెబుతారు. అలవాటు. తూటా తలెత్తి చూసింది. కోపం లేదు, వెటకారం లేదు.

"లేవలేను కద సార్" అంది.

ఆయన మొహం చూడలేక నేనే తల తిప్పుకున్నాను. "అది కాదమ్మా... నా ఉద్దేశం..." అని, ఆ ఉద్దేశం ఏమిటో తెలియక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయారు. ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు, బల్ల వెనక ఉన్నప్పుడు కూడా.

"కూర్చోండి సార్" అంది తూటా, ఎదురుగా ఉన్న రెండో కుర్చీ వైపు చూపిస్తూ.

కూర్చున్నారు. కాళ్ళు నేలకి అందలేదు. తూటా కాళ్ళ పీట వైపు చూసింది, నేను దాన్ని ఆయన వైపు జరిపాను. ఆయన దాని మీద కాళ్ళు పెట్టుకున్నారు.

"మీరు ప్రిన్సిపాల్ కాకముందు లెక్కల మాస్టారేనట కదా సార్, అత్త చెప్పింది" అంది. పుస్తకం ఆయన వైపు తిప్పింది. "ఈ లెక్క పొద్దుట్నించీ తిప్పలు పెడుతోంది."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పెన్ను తీశారు. రెండు వరుసలు రాసి కొట్టేశారు. మళ్ళీ రాశారు, మళ్ళీ కొట్టేశారు. గుమ్మంలో వైస్ గారు, హెడ్ క్లర్కు, పూలగుత్తి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన చొక్కా చేతులు మడుచుకుని కాగితం మీదికి వంగారు. ఒకసారి "ఓహో" అన్నారు. కాసేపాగి "ఊహూ" అన్నారు. చివరికి పెన్ను కింద పెట్టేశారు.

"నాకూ రావట్లేదమ్మా."

"పర్లేదు సార్."

"ఇంటికెళ్ళి పాత పుస్తకాలు తీసి చూస్తాను." లేచి గుమ్మం దాకా వెళ్ళి, మావాళ్ళందర్నీ పక్కకి తప్పుకోమని, మళ్ళీ వెనక్కి తిరిగారు. "రేపు ఈ వేళకి ఇక్కడే ఉంటావుగా?"

తూటా నా వైపు చూసింది. తరవాత ఆయన వైపు తిరిగింది.

"ఇక్కడే ఉంటాను సార్" అంది.